కలవాలనిపించే చరిత్ర పురుషులు – 7: తైమూరు గుడారంలో ఇబ్న్ ఖల్దూన్

తైమూరును చూడాలని ముప్పై నలభై ఏళ్లుగా ఎదురుచూస్తున్నానని తైమూరు ఎదుటే చెప్పిన చరిత్రకారుడు ఒకాయన ఉన్నారు. పేరు ఇబ్న్ ఖల్దూన్. ఆ మాట అన్ననాటికి ఆయన వయసు అరవై ఎనిమిదేళ్లు. అన్న చోటు డమాస్కస్ కోట బయట, ముట్టడి వేసిన సైన్యం నడుమ ఒక గుడారం. అది 1401 జనవరి 10. ఆ మాటలో నిజమెంత, ప్రాణభయమెంత అన్నది ఆరువందల ఏళ్ల తర్వాత విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఉన్నాయని నా నమ్మకం.

చరిత్రలో ఎవరిని కలవాలని ఉందని అడిగితే మనం ముందుగా రాజుల పేర్లు, సేనానుల పేర్లు చెబుతాం. వాళ్ల ఎదుట నిలబడ్డాక మన గతేమిటో ఆలోచించం. ఈయన నిజంగానే వెళ్లి నిలబడ్డారు. ప్రాణాలతో తిరిగొచ్చారు. ఏం తిన్నారో, ఏం మాట్లాడారో, ఎక్కడ భయపడ్డారో తన ఆత్మకథలో రాసిపెట్టారు. అందుకే ఈ నెల తైమూరును పక్కన పెట్టి, అతన్ని చూసొచ్చిన మనిషి గురించి రాస్తున్నాను.

ఇబ్న్ ఖల్దూన్ పూర్వీకులు యెమెన్ వైపు హద్రమౌత్ అరబ్బులు. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో తరతరాలు పెద్ద కుటుంబంగా బతికారు. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజు వశమయ్యే లోపే మూటాముల్లె సర్దుకుని సముద్రం దాటి ఉత్తర ఆఫ్రికా చేరారు. ఆయన పుట్టింది ట్యూనిస్‌లో, 1332 మే 27న. చదువుకునే వయసులోనే మహామారి ప్లేగు వచ్చింది. 1348, 49 సంవత్సరాల్లో తల్లీ తండ్రీ పోయారు, పాఠాలు చెప్పిన గురువుల్లో చాలామంది పోయారు. లోకం ఒక్కసారిగా తిరగబడి కొత్తగా మొదలైనట్టు ఆ ప్లేగు గురించి తర్వాత ఆయన రాయడం వెనుక ఈ సొంత నష్టం ఉంది.

ఆ తర్వాత పాతికేళ్లు ఆయన కొలువుల చుట్టూ తిరిగారు. ట్యూనిస్‌లో రాజపత్రాల మీద ముద్రవాక్యం రాసే ఉద్యోగం, ఫెజ్‌లో సుల్తాను కొలువు, గ్రనాడా ఆస్థానం, బిజాయాలో మంత్రిపదవి. ఉత్తర ఆఫ్రికాలో అప్పుడు మూడు రాజవంశాలు ఒకదాన్నొకటి పీక్కుతింటున్నాయి. ఇవాళ గద్దె మీదున్నవాడు రేపు ఖైదులో ఉంటాడు. 1357లో ఫెజ్ సుల్తాను కుట్ర అనుమానంతో ఈయన్నీ ఖైదులో వేయించాడు. దాదాపు రెండేళ్ల తర్వాత ఆ సుల్తాను చనిపోతేగానీ తలుపు తెరుచుకోలేదు. ప్రభువులను మార్చడంలో ఈయనా తక్కువ తినలేదు. మునిగే పడవలో ఆఖరి వరకు కూర్చునే రకం కాదు. ఆయన్ని అభిమానించేవాళ్లు ఈ సంగతి దాటవేస్తుంటారు. నాకు దాటవేయాలనిపించదు. రాజ్యాలు ఎలా లేస్తాయో, ఎలా కూలతాయో ఆయనకు తెలిసింది ఆ కొలువుల్లోనే.

1364లో గ్రనాడా రాయబారిగా సెవిల్ వెళ్లారు. తాతముత్తాతలు బతికిన ఊరది. వాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. కాస్టీల్ రాజు పెడ్రో, తన దగ్గరే ఉండిపోతే మీ పూర్వీకుల ఆస్తి తిరిగి ఇప్పిస్తానన్నాడు. ఈయన మర్యాదగా వద్దని వచ్చేశారు. కారణం ఎక్కడా వివరంగా చెప్పలేదు.

ఇక 1375. కొలువులతో విసిగి, ఇప్పటి అల్జీరియాలో ఫ్రెండా దగ్గరున్న ఇబ్న్ సలామా కోటలో తలదాచుకున్నారు. ఆ చుట్టుపక్కల అరబ్బు తెగ ఒకటి ఆయనకూ కుటుంబానికీ ఆశ్రయమిచ్చింది. నాలుగేళ్లు అక్కడే. 1377లో ఐదు నెలల్లో ‘ముకద్దిమా’ తొలిప్రతి పూర్తి చేశారు. లోకచరిత్రకు పీఠికగా మొదలుపెట్టిన పుస్తకం అది. చరిత్ర ఎలా నడుస్తుందో చెప్పే శాస్త్రంగా తయారైంది.

అందులో మొట్టమొదట చేసిన పని పాత చరిత్రకారుల లెక్కలు సరిచూడటం. ఒక ఉదాహరణ చూడండి. మోషే వెంట ఎడారిలో ఆయుధం పట్టగల మగవాళ్లు ఆరు లక్షల మందికి పైగా ఉన్నారని పెద్ద పెద్ద పండితులే రాసుకొచ్చారు. ఇబ్న్ ఖల్దూన్ అక్కడ ఆగి ప్రశ్నలు వేస్తారు. అంతమందిని ఒక్క యుద్ధభూమిలో నిలబెడితే ఈ కొసన ఏం జరుగుతోందో ఆ కొసకు ఎలా తెలుస్తుంది? ఏ దేశం అంతమందికి తిండి పెట్టగలదు? యాకోబు నుంచి మోషే దాకా కొద్ది తరాలే కదా, అంతలో ఒక కుటుంబం అంతగా ఎలా పెరుగుతుంది? ఆయన వాదనంతా ఇలాగే ఉంటుంది. చెప్పినవాడు ఎంత గొప్పవాడైనా సరే, చెప్పిన సంగతి జరగడానికి వీలుందా లేదా అని ముందు చూడమంటారు. చరిత్ర రాసే ప్రతివాళ్లూ బల్లకు ఎదురుగా గోడ మీద రాసిపెట్టుకోదగ్గ ప్రశ్న అది.

రెండో పని రాజ్యాల ఆయుష్షు లెక్కకట్టడం. రాజ్యం స్థాపించే శక్తి ‘అసబియ్యా’లో ఉందన్నారు. అంటే ఒక తెగవాళ్లకు మనవాడన్న పట్టు, ఒకడికి దెబ్బ తగిలితే పదిమంది లేచే కట్టు. ఎడారిలో, కొండల్లో కష్టపడి బతికేవాళ్లలో అది గట్టిగా ఉంటుంది. ఆ పట్టుతో వాళ్లు నగరాలను గెలుస్తారు. గెలిచినవాడి కొడుకు తండ్రి కష్టాన్ని కళ్లారా చూశాడు కనుక కొంత నిలబెడతాడు. మనవడు భోగంలో పుట్టి భోగంలో పెరుగుతాడు. కాపలాకు కూలిసైన్యం పెట్టుకుంటాడు. తరానికి నలభై ఏళ్ల చొప్పున మూడు తరాలు, నూటఇరవై ఏళ్లు, అంతే. ఆ ముసలితనంలో రాజ్యం పన్నులు పెంచుతుంది. పెంచేకొద్దీ రైతు సాగు మానుకుంటాడు, వర్తకుడు కొట్టు కట్టేస్తాడు, ఖజానాకు వచ్చేది ఇంకా తగ్గిపోతుంది. పాలకుడు తానే వ్యాపారంలో దిగితే ప్రజలు మరింత చితికిపోతారని కూడా రాశారు. ఇదంతా ఎక్కడో చదివి రాసింది కాదు. శిస్తు వసూలుకు కొండజాతుల మధ్యకు స్వయంగా వెళ్లొచ్చిన మనిషి అనుభవం.

1382 చివర్లో హజ్ యాత్ర పేరు చెప్పి ట్యూనిస్ వదిలారు. యాత్రకు వెళ్లింది ఐదేళ్ల తర్వాత. అంతకుముందే కైరో చేరి అక్కడే స్థిరపడ్డారు. అల్ అజహర్‌లో పాఠాలు చెప్పారు. 1384లో మాలికీ ధర్మశాస్త్రానికి ప్రధాన ఖాజీ అయ్యారు. లంచాలకు లొంగకపోవడంతో శత్రువులు పెరిగారు. అదే ఏడాది ట్యూనిస్ నుంచి ఆయన కుటుంబాన్ని తెస్తున్న ఓడ అలెగ్జాండ్రియా దాపుల్లో మునిగిపోయింది. భార్య, కూతుళ్లు పోయారు. ఆత్మకథలో దీనికి ఆయన ఇచ్చిన చోటు కొద్ది మాటలే. కొలువుల తగాదాలకు పేజీలు పేజీలు రాసిన చెయ్యి ఇక్కడ ఆగిపోయింది.

ఇక తైమూరు. 1398 డిసెంబరులో ఢిల్లీని ఊచకోత కోసి, మళ్లీ పడమటి వైపు తిరిగాడు. 1400 శరత్కాలంలో అలెప్పో పడిపోయింది. తర్వాతి గురి డమాస్కస్. ఈజిప్టు, సిరియా రెండూ మమ్లూక్ సుల్తానుల ఏలుబడిలో ఉండేవి. గద్దె మీదున్న ఫరజ్ ఇంకా పిల్లవాడు. అతని సైన్యం కైరో నుంచి బయలుదేరినప్పుడు, అప్పటికి ఖాజీ పదవి పోయి ఉన్న ఇబ్న్ ఖల్దూన్‌నూ వెంట రమ్మన్నారు. ఇష్టం లేకపోయినా బతిమాలారు కనుక వెళ్లారు. కొద్ది వారాలకే కైరోలో కుట్ర జరుగుతోందని వదంతి పుట్టింది. సుల్తాను, సర్దారులు రాత్రికి రాత్రి వెనక్కి పారిపోయారు. డమాస్కస్‌లో ఊరివాళ్లు, వాళ్లతో పాటు ఈ ముసలి పండితుడు మిగిలిపోయారు.

ఊరి పెద్దలు హన్బలీ ఖాజీ ఇబ్న్ ముఫ్లిహ్‌ను రాయబారానికి పంపారు. ఆయన అభయం తీసుకుని వచ్చారు. దాంతోపాటు ఒక కబురు కూడా తెచ్చారు. ఇబ్న్ ఖల్దూన్ సైన్యంతో పోయారా, ఊళ్లోనే ఉన్నారా అని తైమూరు అడిగాడట. ఆ రాత్రి పెద్ద మసీదులో లొంగిపోదామనేవాళ్లకూ వద్దనేవాళ్లకూ గొడవైంది. తెల్లవారితే తన మీదికే రావచ్చని ఇబ్న్ ఖల్దూన్ భయపడ్డారు. తెల్లవారుజామున కోటద్వారం దగ్గరికి వెళ్లి, నన్ను బయటికి పంపండి, తలుపు తీయకపోతే గోడ మీద నుంచి దించండి అన్నారు. చివరికి గోడ మీద నుంచే కిందికి దించారు.

గుడారంలో తైమూరు మోచేతి మీద ఆనుకుని పడుకున్నట్టు కూర్చున్నాడు. వంటకాల పళ్లేలు అతని ముందు నుంచి సాగుతున్నాయి, బయట గుంపులు గుంపులుగా కూర్చున్న మంగోలు సైనికులకు వాటిని పంపుతున్నాడు. ఈయన వంగి సలాం చేశారు. తైమూరు తలెత్తి చెయ్యి చాచాడు, ఈయన ముద్దుపెట్టుకున్నారు. తైమూరుకు అరబ్బీ రాదు. ఖ్వారజ్మ్‌కు చెందిన అబ్దుల్ జబ్బార్ అనే పండితుడు దుబాసీ. గోధుమపిండి పోగులతో కాచిన రిష్తా అనే చారు తెప్పించి పెట్టారు. ఈయన నిలబడి అందుకుని ఆరగించారు. అది చూసి తైమూరు సంతోషించాడని రాశారు. భయం మాత్రం తగ్గలేదు. షాఫయీ ప్రధాన ఖాజీ సద్రుద్దీన్ అప్పటికే వాళ్లకు ఖైదీగా చిక్కి ఉన్నాడు. తనకూ ఆ గతే పడుతుందేమోనని మనసులోనే ఒక ప్రసంగం తయారుచేసుకున్నారు. ముప్పై నలభై ఏళ్ల మాట ఆ ప్రసంగంలోదే.

ఎందుకు ఎదురుచూశావని అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఒకటి, రాజ్యం నిలిచేది అసబియ్యా మీదే, అందులో తురుష్కులను మించినవాళ్లు లేరు, నీ అంత రాజు పుట్టలేదు అన్నది. రెండోది, గ్రహాల కలయిక చూసి పశ్చిమదేశాల జ్యోతిష్కులు చెప్పిన జోస్యం. రెండో కారణం వదిలేద్దాం. మొదటిది చదువుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇరవైమూడేళ్ల క్రితం ఎడారి కోటలో కూర్చుని రాసిన సిద్ధాంతాన్ని, ఆ సిద్ధాంతానికి నిలువెత్తు ఉదాహరణ అయిన మనిషికే వినిపిస్తున్నారు. ముఖస్తుతి కూడా, పాఠం కూడా.

తైమూరు ఊరుకునే శ్రోత కాదు. బాబిలోను రాజు నెబుకద్నెజరు ప్రస్తావన వచ్చింది, అతని వంశం గురించి వాదనకు దిగాడు. ఆ మాటల్లోనే, తాను రాజును కానని, సింహాసనానికి ప్రతినిధిని మాత్రమేనని, రాజు అదిగో అని వెనుక నిలబడ్డ వరుస వైపు చెయ్యి చూపాడు. చెంగిజ్‌ఖాన్ వంశంలో పుట్టనివాడు ఖాన్ అనిపించుకోకూడదు కనుక, ఆ వంశస్థుడొకణ్ణి పేరుకు రాజుగా పెట్టుకుని తిరుగుతుండేవాడు. అతని కోసం చూస్తే వరుసలో లేడు, బయటికి వెళ్లాడన్నారు. లోకాన్ని గడగడలాడించే సైన్యంలో అసలు రాజు ఎటు వెళ్లాడో పట్టించుకున్నవాళ్లు లేరు. ఇబ్న్ ఖల్దూన్ దీన్ని యథాతథంగా రాసి ఊరుకున్నారు.

అంతలో నగరద్వారం తెరిచారని, ఖాజీలు లొంగిపోవడానికి వచ్చారని కబురొచ్చింది. తైమూరు కుడిమోకాలు చెడింది. అనుచరులు ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టారు. గాలి అదిరేలా బాజాలు మోగాయి. 1941లో సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ బృందం సమర్‌ఖండ్‌లో తైమూరు సమాధి తెరిచి ఎముకలు పరిశీలించినప్పుడు కుడికాలి అవిటితనం నిజమేనని తేలింది. ఇబ్న్ ఖల్దూన్ చూసింది చూసినట్టు రాసే మనిషి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ విడిదిలో ముప్పై అయిదు రోజులు గడిపారు. తైమూరు పదేపదే అడిగింది మఘ్రిబ్ గురించి, అంటే ఉత్తర ఆఫ్రికా పడమటి భాగం గురించి. టాంజియర్ ఎక్కడ, సియూటా ఎక్కడ, ఫెజ్ ఎక్కడ, సిజిల్మాసా ఎక్కడ. నోటిమాట చాలదు, దగ్గరవీ దూరానివీ కొండలూ నదులూ ఊళ్లూ కళ్లకు కట్టినట్టు రాసివ్వమన్నాడు. ఈయన కూర్చుని ఒక చిన్న పుస్తకమంత రాసిచ్చారు. దాన్ని తమ భాషలోకి మార్చమని తైమూరు ఉత్తర్వు ఇచ్చాడు.

ఇక్కడే నాకు కష్టమనిపిస్తుంది. దండెత్తే అలవాటున్నవాడి చేతికి సొంతదేశపు భూగోళం రాసిచ్చారు. ప్రాణం కాపాడుకోవడానికేనని సరిపెట్టుకోవచ్చు. కైరో చేరాక మఘ్రిబ్ సుల్తానుకు ఉత్తరం రాసి, తైమూరు ఎవరో, బలమెంతో, ఏం మాట్లాడాడో తెలియజేశారు. అది కొంత ఊరట. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోదు.

ఇంకో సంగతి కూడా తూకంలో వేయాలి. కొలువుకు కానుకలు తేవాలని స్నేహితుడొకడు చెబితే బజారులో వెతికి నాలుగు వస్తువులు తెచ్చారు. చక్కని ఖురాన్ ప్రతి, నమాజు తివాచీ, ప్రవక్త మీద రాసిన ‘బుర్దా’ కావ్యం ప్రతి, నాలుగు పెట్టెల కైరో మిఠాయి. ఖురాన్ అందుకుని తైమూరు తలమీద పెట్టుకున్నాడు. మిఠాయిని ముందు ఇబ్న్ ఖల్దూన్ తానే రుచి చూసి ఇచ్చారు. కానుకలయ్యాక అసలు మనవి చేసుకున్నారు. సుల్తాను వదిలేసిపోయిన ఈజిప్టువాళ్లు ఇక్కడ చిక్కుకున్నారు, ఖురాన్ పఠించేవాళ్లు, గుమాస్తాలు, కచేరీ ఉద్యోగులు, వాళ్లకు అభయమివ్వమన్నారు. తైమూరు సరేనన్నాడు, అభయపత్రం రాయించాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తన ప్రాణానికే పూచీ లేని చోట, పేరూ ఊరూ చరిత్రకెక్కని గుమాస్తాల కోసం నోరు తెరిచాడు. నేను ఆయన్ని కలవాలనుకోవడానికి ముకద్దిమా ఎంత కారణమో ఈ మనవి అంతే కారణం.

డమాస్కస్‌ను మాత్రం ఎవరి మాటా కాపాడలేదు. అడిగిన సొమ్ము కట్టాక ఇంకా అడిగారు. కోట పడింది. దోపిడీ మొదలైంది. మంటలు ఉమయ్యద్ మసీదుకు పాకాయి, పైకప్పు సీసం కరిగిపోయింది. పనితనమున్న కళాకారులను సమర్‌ఖండ్‌కు తోలుకుపోయారు. ఇబ్న్ ఖల్దూన్ దీన్ని నీచాతినీచమైన పనిగా తన పుస్తకంలో తేల్చి చెప్పారు. గుడారంలో చెయ్యి ముద్దుపెట్టుకున్న మనిషే ఆ మాట రాశారు.

సెలవు తీసుకునేటప్పుడు తైమూరు, నీకిక్కడ కంచరగాడిద ఉందట, మంచిదేనా, అమ్ముతావా అని అడిగాడు. అమ్మడమేమిటి, ఉచితంగా తీసుకోమన్నారు ఈయన. దారిలో సఫద్ దగ్గర దొంగలు పడి ఒంటిమీద బట్టలు కూడా ఒలుచుకుపోయారు. ఎలాగో ఓడెక్కి గాజా మీదుగా మార్చిలో కైరో చేరారు. కొన్నాళ్లకు తైమూరు దగ్గరికి వెళ్లొచ్చిన రాయబారి చేతిలో కంచరగాడిద సొమ్ము వచ్చింది. సుల్తాను అనుమతి అడిగాకే దాన్ని ముట్టుకున్నారు. కొలువుల్లో తలపండిన మనిషి కదా, శత్రురాజు డబ్బు రహస్యంగా తీసుకుంటే ఏమవుతుందో తెలుసు.

తైమూరు 1405 ఫిబ్రవరిలో చైనా మీదికి దండెత్తి వెళ్తూ ఒట్రార్‌లో చనిపోయాడు. కొడుకు షారుఖ్ కొంత నిలబెట్టాడు. మనవడు ఉలూగ్ బేగ్ యుద్ధం కన్నా ఆకాశం మీద మనసున్నవాడు. సమర్‌ఖండ్‌లో వేధశాల కట్టించి నక్షత్రాల పట్టిక తయారుచేయించాడు. 1449లో కన్నకొడుకే చంపించాడు. మూడో తరం! లెక్క కుదిరింది. ఆ వంశంలోని బాబరు ఢిల్లీకి వచ్చి మళ్లీ మొదటి తరంతో మొదలుపెట్టాడు. 1687లో గోల్కొండను పడగొట్టిన ఔరంగజేబు ఆ తైమూరు సంతతే. కుతుబ్‌షాహీల ఆఖరి రోజులు, ఆ వెంటనే మొఘలుల ఆఖరి రోజులు ముకద్దిమా పక్కన పెట్టుకుని చదివితే మన చరిత్ర పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతులు ఎన్నో తెలుస్తాయి.

ఇబ్న్ ఖల్దూన్ 1406 మార్చి 17న కైరోలో కన్నుమూశారు. అప్పటికి ఖాజీ పదవి ఎన్నోసార్లు వచ్చింది, పోయింది. ఆఖరిసారి వచ్చి రోజులే అయింది. బాబ్ అల్ నస్ర్ ద్వారం అవతల సూఫీల శ్మశానంలో పూడ్చారు. సమాధి ఆనవాలు మిగల్లేదు.

కలిసే భాగ్యమే ఉంటే ఆ ఆఖరి ఐదేళ్లలో కైరోలో కలవాలి. ఖాజీ కుర్చీలో కూర్చున్నా ఆయన మఘ్రిబీ బుర్నూసు (తలముసుగున్న అంగీ) వదల్లేదంటారు, ఆ వేషంలోనే చూడాలి. మహాచరిత్రకారుడు కాబోతున్న శిష్యుడు మఖ్రీజీ పక్కనే కూర్చుని ఉండవచ్చు. ఫెజ్ ఖైదులో గొంతు నులిమి చంపిన తన మిత్రుడు, గ్రనాడా మంత్రి ఇబ్నుల్ ఖతీబ్ గురించి చెప్పమంటాను. ఆయన్ని కాపాడటానికి ఈయన ప్రయత్నించారు, కుదరలేదు. ఓడలో పోయినవాళ్ల గురించి అడగను. తానే చెప్పదలచుకోని దాన్ని తవ్వడం నాకు ఇష్టం లేదు.

తైమూరుకు రాసిచ్చిన ఆ పుస్తకం గురించి మాత్రం తప్పకుండా అడుగుతాను. ఆ ప్రతి ఈనాటి దాకా ఎక్కడా దొరకలేదు. ఎడారి తెగల మధ్య ఏళ్లతరబడి తిరిగిన మనిషికి మఘ్రిబ్‌లో సైన్యం నడవగల దారి ఏదో, నీళ్లున్న బావి ఎక్కడుందో, ఏ కనుమ చలికాలంలో మూసుకుపోతుందో కొట్టినపిండి. వాటిలో ఏవి ఉన్నవి ఉన్నట్టు రాశారు, ఏవి కావాలనే వదిలేశారు?

(వచ్చే నెల: చైనా నుంచి నలందాకు నడిచొచ్చిన హ్యూయన్‌త్సాంగ్)